ఎర్త్ లేని డబ్బా

సంజీవ ఇంట్లో రహస్యం అనేది నిలవదు. కారణం సంజీవే. బొగ్గుబాయిలో ఎలక్ట్రీషియన్‌గా మోటార్ల హోరులో ఉద్యోగమంతా గడిపిన మనిషికి, ఫోన్ చెవికి ఆనిస్తే ఒక్క ముక్క వినపడదు. అందుకని ఎవరితో మాట్లాడినా స్పీకర్ ఆన్ చేసి, ఫోన్‌ను తమలపాకులా అరచేతిలో పెట్టుకుని మాట్లాడతాడు. అప్పుడు ఆయనకు వినపడుతుంది. వంటింట్లో ఉన్న ఆయన భార్య కమలాదేవికి ఇంకా బాగా వినపడుతుంది. ఆయన మాత్రం తాను గుసగుసలాడుతున్నాననే అనుకుంటాడు.

కాబట్టి బతుకమ్మ మొదలయ్యే పెత్రమాస అమావాస్య ఇంకా పక్షం రోజులుందనగా మహీధర్ చేసిన ఫోన్‌ను కమలాదేవి మొదటి నుంచి చివరిదాకా విన్నది. మహీధర్‌ది భూపాలపల్లి బస్టాండు దగ్గర టీవీలు, సౌండు బాక్సులు బాగుచేసే దుకాణం.

"సంజీవన్నా, నువ్వు చెప్పిన బోర్డు వచ్చింది. క్లాస్ డి అంటరు దీన్ని. అరచేతిల పడ్తది గని వాడ వాడంత ఇనవడ్తది. పాత ఆంప్లిఫయర్ల లెక్క కుంపటోలె కాగుడు గూడ ఉండది."

"మెల్లగ మాట్లాడు మహీ. మీ వదినె ఇంట్లనే ఉన్నది. బతుకమ్మ దాన్క ఆమెకు తెల్వద్దు. ఆమె గొంతు కోసమే గదా గిదంత."

వంటింట్లో చపాతీ కర్ర ఆగిపోయింది. కాసేపటికి మళ్లీ తిరిగింది గాని, ఆ పూట చపాతీలు ఒక్కటీ గుండ్రంగా రాలేదు.

సంగతి ఏమిటంటే, పోయిన చలికాలంలో కమలాదేవికి మెడ దగ్గర గడ్డ తీశారు. గాయం మానింది, ఆరోగ్యం కుదురుకుంది, గొంతు మాత్రం మునుపటిది కాకుండా పోయింది. మాట్లాడితే కొంచెం గరగర, అంతే. పాట ఎత్తుకుంటే మాత్రం పై స్థాయికి పోగానే గొంతు నిలువునా చీలిపోతుంది. ఇంకెవరికైనా అయితే పోనీలే అనుకోవచ్చు. కమలాదేవి ఆ క్వార్టర్ల లైనులో బతుకమ్మ పాట ఎత్తే మనిషి. ఆమె ఎత్తితే మిగతా ఆడవాళ్లంతా చప్పట్లు కొడుతూ అందుకునేవాళ్లు. అదీ ఉత్త పాట కాదు. ఆ ఏడాది ఎవరింట్లో కుక్కర్ పేలిందో, ఎవరి మొగుడు తాగి పక్కింటి తలుపు కొట్టాడో, అన్నీ ఉయ్యాలో ఉయ్యాలో అంటూ పాటలోకి ఎక్కించేది. తమ పేరు ఎక్కడ వస్తుందో అని ఆడవాళ్లకు ఒకటే గుబులు. రాకపోతే మాత్రం ఇంటికి పోయి మొహం ముడుచుకునేవాళ్లు.

ఇప్పుడు ఆమె మోకాళ్ల నొప్పులని చెప్పి ఈ ఏడు బతుకమ్మ ఆడే గ్రౌండుకు రానని తేల్చేసింది. పక్క క్వార్టర్ రాధమ్మ వచ్చి, "రా అక్కా, నువ్వు లేకుంటెట్ల" అని ఒకసారి పిలిచింది. కమలాదేవి, మోకాళ్లు అన్నది. రాధమ్మ అయ్యో అని వెళ్లిపోయింది. ఒకసారి పిలిస్తే అది పిలుపా. రెండోసారి పిలవాలి, మూడోసారి చెయ్యి పట్టి గుంజాలి. ఇంత చిన్న మర్యాద రాధమ్మకు తెలియకపోవడం కమలాదేవికి బాగా తగిలింది. పైగా దసరా పోతే సంజీవకు రిటైర్మెంట్. క్వార్టర్ ఖాళీ చేసి రేగొండలో ఉన్న సొంత ఇంటికి, పొలం దగ్గరికి వెళ్లిపోతారు. ఈ గ్రౌండులో ఈ ఆడవాళ్లతో ఇదే ఆఖరి బతుకమ్మ. ఆ మాట ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ పైకి అనరు.

మరునాడు ఫస్ట్ షిఫ్ట్ దిగి వచ్చిన సంజీవ అన్నం తిని, వెనక గది బల్ల మీద తువ్వాల పరిచి, దాని మీద బోర్డును పెట్టాడు. అద్దాలు ముక్కు చివరికి జారాయి. కమలాదేవి గుమ్మంలో నిలబడింది.

"ఏం జేస్తున్నవ్?"

"మిక్సీ ఖరాబైంది గదా, జర చూస్తున్న."

కమలాదేవి వెనక్కి తిరిగింది. వంటింట్లోకి పోయి పల్లీలు, పచ్చిమిరపకాయలు వేసి మిక్సీ గిర్రుమని తిప్పింది. చట్నీ గిన్నె తెచ్చి తువ్వాల పక్కన పెట్టి, "మస్తు బాగు జేసినవ్, రుచి సూడు" అని వెళ్లిపోయింది. సంజీవ చట్నీ నాకి, ఉప్పు సరిపోయిందన్నాడు. అబద్ధం దొరికిపోయిన మనిషి ముఖంలో కనపడాల్సినవేవీ ఆయన ముఖంలో కనపడలేదు.

పనిలో మాత్రం ఆయనను వేలెత్తి చూపలేం. రేగొండ పొలం నుంచి పత్తికి మందు కొట్టే స్ప్రేయర్ బ్యాటరీ తెచ్చాడు, పన్నెండు ఓల్టులది. నేరుగా బోర్డుకు ఇవ్వకుండా మధ్యలో ఒక స్కూటర్ బల్బు తగిలించాడు. లోపల ఎక్కడన్నా షార్ట్ ఉంటే బల్బు భగ్గున వెలుగుతుంది, బోర్డు బతుకుతుంది. బల్బు ఒకసారి మిణుకుమని ఆరింది. మంచిదే. బల్బు తీసేసి నేరుగా ఇస్తే బోర్డు మీద నీలం లైటు వెలిగింది. అప్పుడు మీటర్ పట్టుకుని, స్పీకర్‌కు పోయే వైర్లను ఒక్కొక్కటే బ్యాటరీ నెగెటివ్‌తో పెట్టి చూశాడు. నెగెటివ్ అనుకున్న వైరు మీద ఆరు ఓల్టులు చూపించింది.

"లీకేజీ" అన్నాడు సంజీవ, పామును చూసినట్టు.

బాయిలో ఆయనకు నేర్పిన మొదటి పాఠం అదే. కరెంటు ఉండకూడని చోట కరెంటు కనపడితే దాన్ని భూమిలోకి పంపు, ఆ తర్వాతే మిగతా మాట. లోపల నీళ్లు, తడి బొగ్గు, ఇనుప పట్టాలు. ఎర్త్ లేని మోటారును ముట్టిన మనిషిని ఆయన ఒకసారి తన చేతులతోనే పైకి మోసుకొచ్చాడు. అప్పటి నుంచి ఎర్త్ ఆయనకు కులదేవత. క్వార్టర్ వెనక ఆయనే తవ్విన ఎర్త్ గుంత ఉంది, ఉప్పూ బొగ్గూ వేసి నింపింది. పొద్దున్నే తులసికి కమలాదేవి నీళ్లు పోస్తుంది, గుంతకు ఆయన పోస్తాడు. ఫ్రిజ్‌కు ఎర్త్, కూలర్‌కు ఎర్త్ సరే. ఇనుప బీరువాకు, నులక మంచం ఇనుప కోళ్లకు, బియ్యం డ్రమ్ముకు కూడా ఆకుపచ్చ వైరు కట్టి ఉంటుంది. కొత్తగా వచ్చిన చుట్టాలు ఆ మంచం మీద కూర్చోవడానికి వెనకాడతారు.

కాబట్టి బ్యాటరీ నెగెటివ్‌కు ఒక ఎర్త్ కట్టాడు. స్పీకర్ డబ్బాకు ఒకటి కట్టాడు. లీకవుతున్న ఆ వైరుకు అన్నిటికన్నా గట్టిగా కట్టాడు. మళ్లీ స్విచ్ వేశాడు. టప్పుమన్నది. నీలం లైటు పోయి సన్నటి పొగ లేచింది.

"ఏందీ వాసన?" వంటింట్లోంచి కమలాదేవి.

"నీ చట్నీ మాడినట్టున్నది."

"చట్నీ పొయ్యి మీద పెడ్తరా ఎవరన్న?"

సంజీవ ఏమీ వినపడనట్టు కిటికీ తెరిచి తువ్వాలతో విసిరాడు. చెవులు పోవడంలో ఆ సుఖం కూడా ఉంది.

రెండో బోర్డు తెచ్చాడు. మళ్లీ బల్బు, మళ్లీ మీటర్, మళ్లీ ఆరు ఓల్టులు. ఈసారి ఎర్త్ గుంతలో రెండు బిందెల నీళ్లు ఎక్కువ పోసి మరీ కట్టాడు. మళ్లీ టప్పుమన్నది. కమలాదేవికి నిజం చెప్పాలంటే సంతోషమే వేసింది. ఆ మిషిను గొంతును పెద్దది చేస్తుందట. ఉన్న గొంతునైతే పెద్దది చేయొచ్చు. చీలిపోయిన గొంతును పెద్దది చేస్తే చీలిక పెద్దదవుతుంది, అంతే కదా. నలుగురికి తెలియాల్సిన సంగతి నలభై మందికి తెలుస్తుంది. దేవుడే ఆ బోర్డులను కాలుస్తున్నాడనుకుని ఆమె దీపం పెట్టింది. దేవుడికి సాయంగా మీటర్‌లోని సెల్లు తీసి దాచింది కూడా.

మీటర్ పలకకపోయేసరికి సంజీవ పరేషానయ్యాడు. ఇల్లంతా వెతికాడు. మోకాళ్ల నొప్పులు నిజానికి ఆయనకే ఉన్నాయి. అయినా మోకాళ్ల మీద వంగి, మంచం కిందికి దూరి, చీపురు పుల్లతో మూలలన్నీ గెలుకుతుంటే కమలాదేవి చూడలేకపోయింది.

"పోపుల డబ్బల ఉన్నది. జీలకర్ర అనుకొని ఏసిన."

సంజీవ మంచం కింది నుంచి తల బయట పెట్టి ఆమె వంక చూశాడు. అంత చదరపు జీలకర్ర ఎక్కడైనా ఉంటుందా అని అడగలేదు. సెల్లు తుడుచుకుని మీటర్‌లో వేసుకున్నాడు. ఇక అప్పటి నుంచి ఎవరికి ఎంత తెలుసో ఇద్దరికీ తెలుసు.

ఆ సాయంత్రమే మహీధర్ ఫోన్.

"అన్నా, దేనికో ఎర్త్ ఇచ్చినవు నువ్వు. నిజం చెప్పు."

"ఇయ్యకుంటెట్ల? వైరు మీద ఆరు ఓల్టులు లీకైతున్నయ్."

"అది లీకు గాదు. గా బోర్డుల స్పీకర్‌కు పోయే రెండు వైర్లూ పని జేస్తయ్. ఒకటి గుంజితే ఒకటి నూకుతది, ఆలుమొగల లెక్క. రెండిట్ల ఏదీ భూమి గాదు. అండ్ల ఒకదాన్ని దీస్కపోయి భూమికి కట్టేస్తే, ఇంకోటి బలమంత పెట్టి గుంజీ గుంజీ కాలిపోతది."

"మరి మనిషి ముడితే?"

"పన్నెండు ఓల్టులకు దోమ గూడ సావది. నీ కాల్మొక్త అన్నా, ఎర్త్ ఇయ్యకు."

సంజీవ ఫోన్ పక్కన పెట్టి, పోయి ఎర్త్ గుంతకు ఒక చెంబు నీళ్లు పోశాడు. ఇన్నేళ్ల ధర్మాన్ని ఒక్క ఫోన్‌లో వదులుకోమంటే ఎవరికైనా కష్టమే. చివరికి ఒక రాజీకొచ్చాడు. మూడో బోర్డుకు ఎర్త్ ఇవ్వడు, కానీ ఎర్త్ లేని డబ్బా తన ఇంట్లో ఉండదు. స్పీకర్‌ను పెరట్లోకి మోసుకుపోయి, చెక్క స్టూలు వేసి, కింద రబ్బరు పట్టా పరిచి దాని మీద పెట్టాడు. బాయిలో అపాయమున్న చోట కట్టినట్టు చుట్టూ ఎర్ర గుడ్డ పేలికలు కట్టాడు. ఆ వైపు బట్టలు ఆరేయొద్దని భార్యకు హుకుం జారీ చేశాడు. జంట వైరు ఒకటి వెనక గది కిటికీలోంచి డబ్బా దాకా లాగాడు. స్విచ్ వేసి, ఫోన్‌లో వార్తలు పెట్టి, గోడ చాటుకు పరుగెత్తాడు.

వార్తలు గంట కొట్టినట్టు వినపడ్డాయి. మొక్కజొన్న ధర, వాన సూచన, కాళేశ్వరంలో గోదావరి నీటిమట్టం, అన్నీ. సంజీవ వచ్చి వేడి పెనాన్ని చూసినట్టు చేతి వెనక వైపుతో డబ్బాను తాకి, ఏమీ కాకపోయేసరికి అరచేత్తో తాకి, ఆ తర్వాత రెండు చేతులతో వాటేసుకున్నాడు. వంటింటి కిటికీలోంచి చూస్తున్న కమలాదేవికి నవ్వొచ్చింది, ఆ వెంటనే నవ్వు పోయింది. ఇక దేవుడు చేయగలిగింది ఏమీ లేదు.

బతుకమ్మ మొదలైంది. మొదటి రోజు, ఎంగిలిపూల నాడు ఆమె గడప దాటలేదు. తర్వాత కూడా దాటలేదు. ఆరో రోజు అలిగిన బతుకమ్మ. ఆ రోజు అమ్మవారు అలుగుతుందని బతుకమ్మను పేర్చరు. టీ తాగుతూ సంజీవ మెల్లగా అందుకున్నాడు.

"బతుకమ్మ ఒక్క దినమే అలుగుతది. నువ్వు తొమ్మిది దినాలూ అలిగేటట్టున్నవ్."

"నేనెందుకు అలుగుత. మోకాళ్లు నొస్తున్నయ్."

"మోకాళ్లతోటి పాడ్తరా ఎవరన్న?"

కమలాదేవి గ్లాసు కింద పెట్టింది. "నువ్వు ఎవల కోసం గా డబ్బ పట్టుకొని గోస పడ్తున్నవో నాకు ఎరికే. నాకు సిగ్గయితదయ్యా. మొన్న తానం జేసుకుంట కూనిరాగం దీసిన. నా గొంతు నాకే పరాయిదాని లెక్క ఇనవడ్డది. దాన్ని తీస్కపోయి మైకుల పెడ్తవా? ఇన్నేండ్లు నన్ను చూసి భయపడ్డోళ్లు ఇప్పుడు జాలి పడ్తరు. గది నేను సూడలేను."

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. సంజీవ తల వంచుకున్నాడు. "సరే తియ్. వాపస్ ఇచ్చేస్త" అన్నాడు.

అన్నట్టే ఎనిమిదో రోజు సాయంత్రం స్పీకర్ డబ్బాను భుజానికెత్తుకున్నాడు. బోర్డు, బ్యాటరీ, మైకు వెనక గది బల్ల మీదే ఉన్నాయి.

"డబ్బ మహీధర్‌కు ఇచ్చొస్త. బోర్డు రేపు ఇస్త. నువ్వు మాత్రం దాన్ని ముట్టకు."

"నేనెందుకు ముడ్త."

"మైకు గూడ ముట్టకు."

"ముట్ట అన్న గదా."

ఆయన వెళ్లిపోయాడు. నమ్మాలనుకున్న మాట కాబట్టి కమలాదేవి నమ్మింది. భుజాన డబ్బా పెట్టుకున్న మనిషి బస్టాండు వైపు కాకుండా సందు చివర ఎటు తిరిగాడో ఆమె చూడలేదు.

పొద్దు వాలుతుంటే నడుమెత్తున్న వెనక ప్రహరీ అవతలి గ్రౌండులో ఆడవాళ్లు చేరారు. చప్పట్లు మొదలయ్యాయి. రాధమ్మ పాట ఎత్తింది. రాధమ్మ మంచిదే గాని ఆమె పాట ప్యాసింజర్ రైలు, ఎక్కడ ఆగుతుందో తెలియదు. ఆ సాగదీత వినలేక కమలాదేవి కిటికీలన్నీ మూసింది. వెనక గది కిటికీ మాత్రం మధ్యలో ఆ పాడు వైరు అడ్డం పడి పూర్తిగా మూసుకోలేదు. సందులో గుడ్డ కుక్కింది. కూలర్ పెద్ద స్పీడులో పెట్టింది, టీవీ సౌండు పెంచింది. ఇక రాధమ్మ కాదు కదా, బాయి సైరన్ మోగినా ఆ ఇంట్లో వినపడదు.

బల్ల ముందు కుర్చీలో కూర్చుంది. బోర్డు మీద నీలం లైటు వెలుగుతోంది. పక్కన మైకు. మతిమరుపు మనిషి, స్విచ్ తీయడం కూడా మరిచిపోయాడు అనుకుంది. ముట్టకు అన్నాడు. పెళ్లయినప్పటి నుంచీ ఆయన ముట్టకు అన్న ప్రతి వస్తువునూ ఆమె ముట్టింది. అయినా ఈసారి కాసేపు నిజంగానే ఓపిక పట్టింది.

ఆ తర్వాత మైకు తీసింది. "అలో" అన్నది. ఏమీ కాలేదు. ఎందుకవుతుంది, డబ్బా మహీధర్ దుకాణంలో ఉంది కదా. డబ్బా లేని మైకు చపాతీ కర్రతో సమానం. కమలాదేవికి ధైర్యం వచ్చింది.

"సంజీవా" అన్నది మైకులో. అని, ఎవరూ లేకపోయినా అటూ ఇటూ చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. మొగుడి పేరు పలకడం ఆమె జన్మలో అదే మొదలు. పలికితే ఆయుష్షు తగ్గుతుందని వాళ్లమ్మ చెప్పింది. ఏమీ కాలేదు కాబట్టి మళ్లీ పిలిచింది. "ఓ సంజీవా. బాయిల పెద్ద పులివట. ఇంట్ల బల్లిని చూస్తె మంచమెక్కి నిలవడ్తవ్. జెప్పనా లైనోళ్లందరికి? రిటైరయ్యే మొగనివి, మీసాలకు రంగేసుకుంటవ్, దిండుకు అంటుతది, ఉతుకలేక నేను సస్తున్న."

కడుపులో ఉన్నది కక్కుతుంటే ఎంత హాయిగా ఉందో. కుర్చీలో వెనక్కి వాలి, నాయకులు పట్టుకున్నట్టు మైకు పట్టుకుంది.

"ఇగ నువ్వు రాధమ్మా. నువ్వు బెల్లంతోటి జేసే మలీద ముద్దలు పగలాల్నంటె బాయిల పేల్చే మందు గావాలె. పోయినేడు నీ ముద్ద కొరికితే మా ఆయన పన్ను ఊడింది. మర్యాదకు చెప్పలేదు. గదంత సరే. ఒక్కసారి పిలిచి పోతవా నన్ను? రెండోమాటు పిలిస్తే నీ సొమ్మేం బోతది? రానన్న గని, రావాల్నని నాకు లేదా?"

ఆ మాట అన్నాక ఆమె నవ్వు ఆగిపోయింది. కూలర్ గాలికి నీలం లైటు పక్కన వైరు ముక్క ఊగుతోంది. ఆపరేషన్ అయినప్పటి నుంచి ఆమె ఎవరి ముందూ, ఏ గోడ ముందూ గొంతెత్తి పాడలేదు. ఇప్పుడు ఎవరూ లేరు. కూలర్ హోరులో తనకు కూడా తన గొంతు సరిగా వినపడదు. కళ్లు మూసుకుని ఎత్తుకుంది.

"బొగ్గుబాయి మీద ఉయ్యాలో
బంగారు తంగేడు ఉయ్యాలో"

తంగేడు దగ్గర గొంతు చీలింది. చీలితే చీలింది అని చివరిదాకా లాగింది. లాగి, అలవాటు ప్రకారం ఆగింది. పాట ఎత్తేవాళ్లు ఒక చరణం పాడి ఆగుతారు, మిగతావాళ్లు అందుకోవడానికి. అందుకునేవాళ్లు లేరని తెలిసినా అక్కడ ఊపిరి తీసుకోకుండా ముందుకు పోవడం ఆమెకు చేతకాదు.

సరిగ్గా అప్పుడు కరెంటు పోయింది. ఊరి పక్కనే కరెంటు పుట్టే కార్ఖానా ఉన్నా ఊళ్లో కరెంటు పోవడానికి అది అడ్డం కాదు. కూలర్ నిట్టూర్చి ఆగింది. టీవీ నోరు మూసుకుంది. ఇల్లంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైంది.

ఆ నిశ్శబ్దంలోకి, గుడ్డ కుక్కిన కిటికీ సందులోంచి, నలభై మంది ఆడవాళ్ల గొంతులు వచ్చాయి.

"బొగ్గుబాయి మీద ఉయ్యాలో
బంగారు తంగేడు ఉయ్యాలో"

కమలాదేవి కళ్లు తెరిచింది. కరెంటు పోయినా బోర్డు మీద నీలం లైటు పోలేదు. స్ప్రేయర్ బ్యాటరీ దాని పని అది చేసుకుంటోంది. ఆమె చూపు లైటు నుంచి వైరు మీదికి, వైరు వెంబడి కిటికీకి, అక్కడి నుంచి ఆలోచన గ్రౌండుకు పోయింది. ఇందాక కిటికీలు మూసేటప్పుడు పెరట్లో స్టూలు, ఎర్ర పేలికలు కనపడలేదని ఇప్పుడు తట్టింది. ఎర్త్ లేని డబ్బాను ఇంట్లో ఉంచనన్న మనిషి దాన్ని తీసుకుపోయి ఆడవాళ్ల నడుమ పెట్టాడు. ఆమె గ్రౌండుకు రానన్నది, కాబట్టి గొంతొక్కటీ వచ్చే ఏర్పాటు చేసి, ముట్టకు అని చెప్పి వెళ్లాడు.

"వాడింట్ల పీనుగెల్ల" అన్నది. అది కూడా గ్రౌండుకు వెళ్లింది. అవతల నవ్వులు భళ్లుమన్నాయి.

అయితే అన్నీ విన్నారు. బల్లి, మీసాలు, మలీద ముద్ద, మొగుడి పేరు రెండుసార్లు. అంతకన్నా ఘోరం, రావాలని లేదా అన్న మాట విన్నారు. చీలిన గొంతు విన్నారు. ఆమెకు ఒళ్లంతా సిగ్గుతో వేడెక్కింది. చెయ్యి స్విచ్ మీదికి పోయింది. ఒక్క నొక్కు నొక్కితే అయిపోతుంది. దసరా అయ్యాక సామాను సర్దుకుని రేగొండ పోతే ఈ మొహాలు మళ్లీ చూడక్కర్లేదు.

ఇంతలో గ్రౌండులోంచి ఒక్క గొంతు లేచింది. రాధమ్మది. పుట్టి బుద్ధెరిగి సొంతంగా ఒక చరణం కట్టని రాధమ్మ, ఆవేశంలో, సాగదీయకుండా, టకటకా అందుకుంది.

"రాతి ముద్ద కొరికి ఉయ్యాలో
రాగమే జారింది ఉయ్యాలో"

ఆడవాళ్లు విరగబడి నవ్వుతూ ఆ చరణాన్ని ఎత్తుకున్నారు. చప్పట్లు ఊపందుకున్నాయి. ఇందులో జాలి ఎక్కడా లేదు. కమలాదేవి చెవులు రిక్కించి మరీ వెతికింది, లేదు. ఎగతాళి ఉంది, పోట్లాట ఉంది, ఇప్పుడేమంటావో అను చూద్దాం అన్న రెచ్చగొట్టుడు ఉంది. ఇన్నేళ్లూ ఆమె వాళ్లకు పంచిపెట్టింది అదే.

రాధమ్మ తన మీద చరణం కడుతుందా. అందులోనూ ప్రాస కుదిరిందా. దీనికి బదులు చెప్పకుండా స్విచ్ తీసేస్తే రేగొండ కాదు కదా కాశీకి పోయినా నిద్ర పట్టదు. ఆమె స్విచ్ మీది చెయ్యి తీసి మైకు రెండు చేతులతో పట్టుకుంది.

"జారింది నా రాగం ఉయ్యాలో
జర పట్టుకో రాధమ్మ ఉయ్యాలో"

రెండో చరణంలో గొంతు మళ్లీ చీలింది. ఆ చీలిక పదింతలై గ్రౌండంతా వినపడే ఉంటుంది. అది చీలిన చోటే రాధమ్మ గొంతు వచ్చి అందుకుంది, రాధమ్మ వెనక మిగతా అందరూ. చీలిక ఎక్కడ మొదలైందో, వాళ్లు ఎక్కడ కలిశారో కమలాదేవికే తెలియలేదు. కళ్లు తుడుచుకోవడానికి కొంగు వెతుక్కునే తీరిక కూడా లేదు, వచ్చే చరణం తనదే. కుక్కర్ పేలిన ఇల్లు ఈ ఏడాది ఎవరిదో గుర్తు తెచ్చుకుంటోంది.

కిటికీ సందులోని గుడ్డ ఎవరో అవతలి నుంచి లాగేశారు. రెక్కలు తెరుచుకున్నాయి. సంజీవ, ప్రహరీ దూకి వచ్చినట్టున్నాడు, రొప్పుతున్నాడు. లైనులో మర్యాద మొత్తం పోగొట్టుకున్న మనిషి ముఖం మతాబులా వెలిగిపోతోంది. కళ్లు మాత్రం తడిగా ఉన్నాయి.

"కమలా, బంద్ జెయ్యకు" అన్నాడు. "బ్యాటరీ ఇంకా మస్తున్నది."

కమలాదేవి మైకును కొంగుతో మూసింది.

"నువ్వు జర పక్కకు జరుగయ్యా. వాళ్లు కనవడ్తలేరు."